నిందితుడు, ముద్దాయి, దోషి, నేరస్థుడు: ఎప్పుడు ఎవరిని ఏమనాలి?

సందేహం: మాస్టారూ, నేను నిజామాబాద్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలతో రోజూ పేపరు చదివిస్తాను. మొన్న ఒక వార్తలో ఒకే మనిషిని మొదట 'నిందితుడు' అన్నారు, తర్వాత 'ముద్దాయి' అన్నారు, చివరికి వచ్చేసరికి 'నేరస్థుడు' చేశారు. "ఇంతకీ అతను నేరం చేశాడా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. స్టాఫ్‌రూములో ఈ మాట తీస్తే మా ఉర్దూ సారు "ముద్దాయి అంటే కేసు పెట్టినవాడు కదా" అన్నారు. హిందీ మేడమ్ "మీకు శిక్ష అంటే భయం, మాకు అది చదువు" అన్నారు. తప్పు, నేరం, పాపం ఒకటేనా? ముద్దాయి అనే మాటను మనమే తప్పుగా వాడుతున్నామా? నేరస్థుడా, నేరస్తుడా? జరిమానాకీ అపరాధ రుసుముకీ తేడా ఉందా? కాస్త వివరంగా చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మీ విద్యార్థిని ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు అడిగినవాటిలో అదే పెద్దది. ఆ వార్త అచ్చయిన రోజుకి ఆ మనిషి నేరం చేశాడో లేదో తేలలేదు. చేశాడని పోలీసులు అంటున్నారు, అంతవరకే. ఆ 'అంటున్నారు' అన్న సంగతి 'నిందితుడు' అనే మాటలోనే ఉంది. పూజితుడు అంటే పూజ అందుకున్నవాడు, వంచితుడు అంటే మోసపోయినవాడు. అలాగే నిందితుడు అంటే నింద పడినవాడు. ఇక్కడ పని చేసింది నింద వేసినవాళ్లు, ఇతను దాన్ని మోస్తున్నవాడు మాత్రమే. అతని గురించి ఈ మాట ఇంకేమీ చెప్పదు. విలేకరికి ఇంత భద్రమైన మాట ఇంకొకటి దొరకదు.

పోలీసులకు అనుమానం ఉండి, ఇంకా కేసులో పేరు చేర్చని మనిషి అనుమానితుడు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఎక్కితే నిందితుడు. ఛార్జిషీటు వేసినా, విచారణ ఏళ్ల తరబడి సాగినా నిందితుడే. నేరం రుజువైందని కోర్టు తీర్పు ఇచ్చిన క్షణం నుంచి దోషి. రుజువు కాలేదంటే నిర్దోషి. టీవీల పుణ్యమా అని ఏ1, ఏ2 అనేవి కూడా ఇంటింటి మాటలయ్యాయి. ఆ 'ఏ' అంటేనే నిందితుడు కాబట్టి 'ఏ1 నిందితుడు' అనక్కర్లేదు. 'ఏ1గా చేర్చారు' అంటే చాలు.

నిందితుడికీ దోషికీ మధ్య దూరం ఎంత ఉంటుందో పిల్లలకు చూపించాలంటే వెంకటాయపాలెం కేసు చెప్పండి. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఆ ఊళ్లో 1996 డిసెంబరులో దళిత యువకులకు బలవంతంగా గుండు గీయించారు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 2024 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చి, దోషులకు 18 నెలల జైలు శిక్ష వేసింది. మధ్యలో 27 ఏళ్లు. అన్నేళ్లూ వాళ్లను నిందితులనే రాయాలి. తీర్పు మర్నాటి పేపర్లో దోషులు అని రాయాలి. బాధితుల పక్షాన మన మనసు ఎంత మండినా, ఆ మాట మార్చే అధికారం తీర్పుకే ఉంది.

ఇదే కేసును పత్రికలన్నీ 'శిరోముండనం కేసు' అన్నాయి. తిరుమలలో మనం తలనీలాలు ఇస్తాం. కత్తి అదే, తల అదే. ఇచ్చుకుంటే మొక్కు, పట్టుకుని గీస్తే అవమానం. పూర్వం ఇది దండన. మరణదండన వేయాల్సిన చోట బ్రాహ్మణుడికి గుండు గీయిస్తే చాలునని మనుస్మృతి చెప్పింది. ఒకే నేరానికి కులాన్ని బట్టి దండన మారిన కాలం అది. మన పల్లెల్లో కూడా గుండు గీయించి, సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించడం పెద్దమనుషుల తీర్పుగా చెలామణి అయ్యింది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, బలవంతపు శిరోముండనాన్ని పేరు పెట్టి నేరాల జాబితాలో చేర్చింది. ఒకనాడు శిక్షగా నడిచిన పని ఇప్పుడు శిక్షపడే నేరం అయిందన్నమాట.

ఇక్కడ ఒక మాట మీద నా కోపం కూడా చెప్పాలి. 'దొంగను పట్టుకుని దేహశుద్ధి చేసిన స్థానికులు' అని శీర్షికలు పెడుతున్నారు. ఒక మనిషిని స్తంభానికి కట్టేసి పదిమంది కొట్టడాన్ని శుద్ధి అంటారా? ఆ శీర్షికలో రెండు తీర్పులున్నాయి. వాడు దొంగే అన్నది మొదటిది, కొట్టినవాళ్లు మంచిపని చేశారన్నది రెండోది. కోర్టు ఆ రెండూ చెప్పలేదు. కొట్టడం కూడా నేరమే కాబట్టి 'దొంగతనం చేశాడంటూ ఒకరిని కట్టేసి కొట్టారు' అని రాస్తే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. పిల్లల చేత ఇలాంటి శీర్షికలు తిరగరాయించండి. వ్యాకరణ పాఠం ఎంత అవసరమో ఇదీ అంత అవసరం.

'14 రోజుల రిమాండు విధించారు' అనే వాక్యం కూడా ఇలాంటిదే. శిక్ష విధిస్తారు, జరిమానా విధిస్తారు. రిమాండు శిక్ష కాదు, విచారణ కోసం అదుపులో ఉంచడం. 'రిమాండుకు పంపారు' అంటే సరిపోతుంది. మాటలో తేడా చిన్నదే అనిపించవచ్చు. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే ఇంకా ఏ నేరమూ రుజువు కానివాళ్లు. 'జైలుకెళ్లొచ్చాడు' అనే ముద్ర వాళ్లందరి మీదా పడుతుంది. ఆ ముద్రకు మన 'విధించారు' కూడా తోడవుతోంది.

ఇక ముద్దాయి. మీ ఉర్దూ సారు చెప్పింది నిజం. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ఆ మాటకు దావా వేసినవాడు అని అర్థం. హిందీలో కూడా అంతే. ఎదుటి పక్షానికి 'ముద్దాఅలైహ్' అనే వేరే మాట ఉంది. తెలుగులో ముద్దాయి బోను ఎక్కినవాడయ్యాడు. రెండు మాటల మొదలు ఒకటే కాబట్టి కచేరీల చుట్టూ తిరిగే జనం నోట పొడవాటిది అరిగిపోయి పొట్టిది మిగిలిందని నా ఊహ. కేసు పెట్టినవాడికి ఫిర్యాది అనే మాట ఎలాగూ ఉంది కాబట్టి ఆ చోటు ఖాళీ కాలేదు.

అలాగని మనం తప్పుగా వాడుతున్నట్టు కాదు. ఒక భాషలోకి వచ్చాక మాట ఆ భాష మనుషులదే. ఖూనీ చూడండి. ఉర్దూలో ఖూన్ అంటే నెత్తురు, హత్య. ఖూనీ అంటే హంతకుడు. మనకు ఖూనీ అంటే హత్య. హంతకుడు కావాలంటే ఖూనీకోరు అని ఇంకో ముక్క తగిలించుకున్నాం. జామీను కూడా అంతే. అక్కడ పూచీపడే మనిషి, ఇక్కడ పూచీ. తెలుగు కోర్టుల్లో, పోలీసు కాగితాల్లో ముద్దాయి అంటే కేసు ఎదుర్కొంటున్నవాడని అందరికీ తెలుసు. నిందితుడికి అది సమానార్థకమే. మీ సారుతో మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరి ముద్దాయి గురించి మాట్లాడుతున్నారో ముందే చెప్పుకోండి. దస్తావేజులు అనువాదం చేసేవాళ్లకు ఇది నిజంగా ప్రమాదమైన చోటు. ఉర్దూ కాగితంలోని ముద్దాయిని తెలుగులో అలాగే దించితే కేసు పెట్టినవాడే నిందితుడవుతాడు.

తప్పు, నేరం, పాపం ఒకటి కావు. నిఘంటువులు ఒకదానికి ఒకటి అర్థంగా ఇస్తాయి కానీ, వాటి పక్కన వాడే క్రియలు చూస్తే తేడా తెలిసిపోతుంది. తప్పు దిద్దుకుంటాం. నేరం మోపుతారు, ఒప్పుకుంటాం, రుజువు చేస్తారు. పాపం మూటగట్టుకుంటాం, కడుక్కుంటాం, అది పండుతుంది కూడా. పాపానికి రుజువు అక్కర్లేదు, ఎవరూ చూడకపోయినా అంటుకుంటుంది. నేరానికి సాక్ష్యం, చట్టం, తీర్పరి మూడూ కావాలి.

ఈ విభజన తెలుగులో పాతదే. 13వ శతాబ్దపు కేతన మనకు మొదటి తెలుగు వ్యాకరణం ఆంధ్రభాషాభూషణము రాసిన కవిగా తెలుసు. ఆయనే విజ్ఞానేశ్వరీయము అనే ధర్మశాస్త్ర గ్రంథం కూడా రాశాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు చేసిన మితాక్షర వ్యాఖ్యకు అది తెలుగు సేత. అందులో ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు కాండలు. తగాదాలు, నేరాలు, రాజు వేసే దండనలు వ్యవహారకాండలోకి వస్తాయి. పాపాలు, వాటిని పోగొట్టుకునే దారులు ప్రాయశ్చిత్తకాండలోకి వస్తాయి. మాట తప్పొప్పులూ మనిషి తప్పొప్పులూ ఒకే కవి చేతి మీదుగా తెలుగులోకి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగిస్తుంది.

తప్పుకీ నేరానికీ మధ్య గీత ఎక్కడుందన్నది కాలం, దేశం, చట్టం నిర్ణయిస్తాయి. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ కొట్టేసింది. పరాయివాడి భార్యతో అతని అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి ఆ సెక్షన్ కింద శిక్ష ఉండేది. భార్యను భర్త సొత్తుగా చూసిన సెక్షన్ అది. మర్నాడు 'వివాహేతర సంబంధం నేరం కాదు' అని వార్త వస్తే, 'తప్పు కాదని కోర్టే చెప్పింది' అని ఎంతమంది మాట్లాడుకున్నారో గుర్తుండే ఉంటుంది. కోర్టు ఆ మాట అనలేదు. విడాకులకు అది కారణంగా ఉండవచ్చని తీర్పులోనే ఉంది. జైలుకు పంపే నేరం కాదంది, అంతే.

దీనికి తలకిందులుగా ఉన్నది కట్నం. 1961 చట్టం ప్రకారం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. కానీ 'ఎంత ఇచ్చారు?' అని పెళ్లిపందిట్లో గొంతు తగ్గించకుండా అడుగుతారు. చట్టం నేరమన్నా సమాజం ఇంకా తప్పనుకోని పని అది. వెట్టిచాకిరి 1976 దాకా, జోగిని ఆచారం ఆంధ్రప్రదేశ్‌లో 1988 దాకా ఇలాగే నడిచాయి. వాటిని నేరమనే చట్టాలు వచ్చాక, ఆలస్యంగానైనా, తప్పనే భావం కూడా వచ్చింది. కట్నం దగ్గర మాత్రం చట్టానికి ఇన్నేళ్లు వచ్చినా మనం కదలలేదు.

మీ జిల్లాకు దగ్గరి ఉదాహరణ గల్ఫ్. కఫీల్ (వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న యజమాని) దగ్గర జీతం రాక బయటికొచ్చేసిన కార్మికుణ్ని మన ఊళ్లలో 'ఖల్లివెల్లి అయ్యాడు' అంటారు. ఊళ్లో అతను ఏ తప్పూ చేయని మనిషి, అక్కడి చట్టానికి మాత్రం నేరం చేసినవాడు. ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు బయటపడేది ఇలాంటివాళ్లే. హత్య కేసుల్లో అక్కడి పద్ధతి మనకు ఇంకా కొత్త. చనిపోయినవారి వారసులు 'దియా' అనే పరిహారం తీసుకుని క్షమిస్తే ఉరి తప్పవచ్చు. మన చట్టంలో హత్య రాజ్యానికి వ్యతిరేకంగా జరిగిన నేరం, కాబట్టి కుటుంబం రాజీపడ్డా కేసు ఆగదు. అక్కడ మాట ముందు ఆ కుటుంబానిదే. 'బ్లడ్ మనీ' అనే మాట తెలంగాణ పల్లెల దాకా వచ్చింది ఈ దారిలోనే.

నేరం అనే మాటకు జరిగిన అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలవాళ్లు అందులో ఉన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టింది అందుకే. నమోదైనవాళ్లు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. నేరం అనేది చేసే పని. పని చేయకముందే, పుట్టగానే దాన్ని మనిషికి విశేషణంగా తగిలించారు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. అయినా 'నేరస్థ జాతులు' అనే మాట ఇప్పటికీ వ్యాసాల్లో, పరీక్షల గైడ్లలో కొటేషన్ గుర్తులు కూడా లేకుండా కనిపిస్తుంది. దయచేసి 'విముక్త జాతులు' అని రాయండి, రాయించండి. పాత చట్టం గురించి చెప్పాల్సివస్తే 'నేరస్థ జాతులని ముద్రవేసిన' అని స్పష్టంగా రాయాలి.

మీ హిందీ మేడమ్ మాట దగ్గరికి వద్దాం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, నేర్చుకోవడం. వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రానికి పేరే శిక్ష. మన శిక్షణలో ఆ అర్థం అలాగే ఉంది. దండన అనే అర్థం తెలుగుకే ప్రత్యేకం కాదు. కన్నడంలో శిక్షె, మరాఠీలో శిక్షా కూడా దండనే. హిందీలో మాత్రం అది చదువే. అందుకే ఇండియన్ పీనల్ కోడ్ హిందీలో దండ సంహిత అయింది, తెలుగులో భారత శిక్షాస్మృతి అయింది. సర్వశిక్షా అభియాన్ అని బడి గోడల మీద రాసినప్పుడు మన పల్లెల్లో ఎంతమంది తికమకపడ్డారో మీరు చూసే ఉంటారు.

నేర్పడం నుంచి దండన ఎలా వచ్చిందంటే, 'బుద్ధి చెప్పారు', 'గుణపాఠం నేర్పారు' అని మనం ఏ అర్థంలో వాడతామో చూసుకుంటే చాలు. వీధిబడుల్లో చదువూ దండనా ఒకే చేతిలో ఉండేవి. కోదండం వేయించడం, గోడకుర్చీ, తొడపాశం అన్నీ అక్షరాలతో పాటే వచ్చేవి. నేరం అనే మాట పుట్టుక కూడా ఇక్కడ చూడాలి. నేర్చు క్రియకు వ్యతిరేక రూపం నేర. 'చేయనేరడు' అంటే చేయలేడు, 'నేరమి' అంటే తెలియనితనం. నేరం అనే మాటను ఈ కుటుంబంలోదిగానే చూస్తారు. తెలియక చేసింది నేరం, తెలిసేలా చేసేది శిక్ష. భాష ఈ రెండిటినీ ఇలా పక్కపక్కన పెట్టింది. జైలు అధికారులు, న్యాయమూర్తులు, మన టీచర్లు దీన్ని గుర్తుపెట్టుకుంటే బాగుండునని నా కోరిక.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పేరులోంచి శిక్ష పోయింది కానీ శిక్షలు పోలేదు. మరణశిక్ష, యావజ్జీవం, కఠిన, సాధారణ కారాగారం, ఆస్తి జప్తు, జరిమానా అన్నీ ఉన్నాయి. కొత్తగా చేరింది సమాజ సేవ. 5,000 రూపాయల లోపు విలువైన వస్తువు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవాడికి, తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి, కోర్టు కూలి లేని సేవ అప్పగించవచ్చు. శిక్ష అనే మాటకు పాత అర్థం కాస్త తిరిగొచ్చింది ఇక్కడే అనిపిస్తుంది. మోసం సెక్షను నంబరు 420 నుంచి 318 అయినా 'ఫోర్ ట్వంటీగాడు' మాత్రం జనం నోట 420గానే ఉంటాడు. ఆ అంకె ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది.

మీరు అడగలేదు కానీ యావజ్జీవం గురించి ఒక ముక్క. యావజ్జీవం అంటే 14 ఏళ్లేనని చాలామంది నమ్ముతారు. యావత్, జీవం కలిస్తే యావజ్జీవం, జీవం ఉన్నంతకాలం అని అర్థం. గోపాల్ గోడ్సే కేసులో 1961లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. ఆ 14 ఏళ్లు వేరే చోటి నుంచి వచ్చాయి. కొన్ని ఘోరనేరాల్లో యావజ్జీవం పడినవాడికి ప్రభుత్వం శిక్ష తగ్గించాలనుకున్నా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలని 1978లో ఒక నిబంధన పెట్టారు. విడుదలకు అది హక్కు కాదు.

నేరస్థుడు అని రాయండి. గ్రామస్థుడు, కుటుంబస్థుడు, పరిచయస్థుడు మాటల్లోని 'స్థ' ఇది. నేరం తెలుగు మాట, స్థ సంస్కృతం, కలిపింది జనం, ఆ కలయికకు వంకపెట్టక్కర్లేదు. 'స్త' ఉచ్చారణ వల్ల వచ్చింది. అచ్చతెలుగు కావాలంటే నేరగాడు ఉంది. మోసగాడు, వేటగాడులాగా ఇందులో అదే పనిగా పెట్టుకున్నవాడనే ఛాయ ఉంది. 'సైబర్ నేరగాళ్లు' అనే మాట పత్రికల్లో అతికినట్టు కుదిరింది అందుకే. ఒకసారి తప్పుదారి పట్టి శిక్ష అనుభవించి వచ్చినవాణ్ని నేరగాడు అనకూడదు.

చివరిది డబ్బు సంగతి. జరిమానా పారశీకం నుంచి వచ్చింది, కోస్తా పల్లెల్లో జుల్మానా అయింది. మన పాత మాట దండుగ. కట్టినవాడికి అది వృథాగా పోయిన డబ్బు కాబట్టి 'దండగ ఖర్చు' పుట్టింది. తెలంగాణ ఊళ్లలో కులపెద్దలు వేసేదాన్ని 'తప్పు' అంటారు, 'కులానికి తప్పు కట్టిండు' అని. కట్టకపోతే వెలి. కోర్టు, చట్టం వేసేదానికి జరిమానా సరైన మాట. అపరాధ రుసుము అర్థంలో దానికి దగ్గరిదే కానీ, గడువు దాటిన బిల్లులన్నిటి మీదా దాన్ని అచ్చేస్తున్నారు. కరెంటు బిల్లు రెండు రోజులు ఆలస్యంగా కట్టడం అపరాధం కాదు. మీ బడి లైబ్రరీలో పిల్లలు పుస్తకం ఆలస్యంగా తెస్తే రసీదు మీద 'ఆలస్య రుసుము' అని రాయించండి, సరిపోతుంది.